కత్తిరి ఎండల్లో మంచు కార్డు చేయడం ఎలా?

మే నెల వచ్చిందంటే నన్ను కనీసం నలుగురైనా అడుగుతారు: "చలికాలం బొమ్మతో గ్రీటింగ్ కార్డు చేద్దామని కూర్చున్నామండీ. జిగురు ఆరడం లేదు, కార్డు అప్పడంలా వంకర తిరిగింది. ఏం చేయమంటారు?" అడిగేవాళ్ళలో కొందరు సెలవుల్లో పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో తెలియక తల పట్టుకున్న తల్లులు. మిగతావాళ్ళకు ఆస్ట్రేలియాలోనో న్యూజిలాండ్‌లోనో చుట్టాలుంటారు. ఇక్కడ రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతుంటే అక్కడ స్వెట్టర్లు బయటికి తీస్తారు. వాళ్ళకు జూన్, జులై, ఆగస్టు చలికాలం. మా అక్క కూతురు మెల్‌బోర్న్‌లో ఉంది, పుట్టినరోజు జులైలో. దానికి కార్డు సమయానికి అందాలంటే నేను మేలోనే చేసి పెట్టుకోవాలి.

మొదటిసారి చేసిన కార్డు గురించి చెప్పాలి. నీలం కాగితం నిండా తెల్ల జిగురు పూసి, మంచు కోసమని బియ్యప్పిండి చల్లాను. ముగ్గు వేసే చేయి కదా, ఇంకో ఆలోచన రాలేదు. పొద్దున లేచి చూస్తే కార్డు విల్లులా వంగి ఉంది. మంచుకొండ మీదికి చీమలు బారు కట్టి ఎక్కుతున్నాయి.

అప్పుడు తెలిసింది, చెన్నైలో ఈ పనికి అడ్డం వచ్చేది ఎండ కాదని. గాలిలో తేమ, మన చేతి చెమట, ఈ రెండే పాడుచేస్తాయి. బెంగళూరు పొడి ఎండలో ఈ బాధ ఇంత ఉండదు. కాబట్టి కింద చెప్పిన పద్ధతిలో నీళ్ళ వాడకం దాదాపు లేదు. తడి తగ్గిస్తే సగం టెన్షన్ పోయినట్టే.

కావలసినవి

- తెల్ల కార్డ్ షీట్, ఏ4 సైజు, 250 నుంచి 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో). స్కూలు ప్రాజెక్టులకు కొనే పల్చటి చార్టు వద్దు, నిలబడదు.
- ముదురు నీలం కాగితం ఒకటి.
- రెండు రకాల బూడిదరంగు లేదా లేత నీలం కాగితాలు. రంగు పైపైనే ఉండి లోపల తెల్లగా ఉండేవి చూసుకోండి. మూల కొంచెం చించి చూస్తే తెలిసిపోతుంది.
- ట్రేసింగ్ పేపర్ ఒకటి.
- డబుల్ సైడ్ టేప్, గ్లూ స్టిక్.
- తెల్ల జెల్ పెన్ను, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను.
- స్టీలు స్కేలు, చిన్న కత్తెర, పిల్లల జామెట్రీ బాక్సు.
- పాత టూత్‌బ్రష్, కొంచెం తెల్ల పోస్టర్ కలర్. ఇది లేకపోయినా పని నడుస్తుంది.
- 10 రూపాయల బిళ్ళ.
- పొడి నేప్‌కిన్ ఒకటి, మెడలో వేసుకోవడానికి.

కాగితాలు మీ వీధిలోని స్టేషనరీ షాపులో దొరక్కపోతే చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ఆండర్సన్ వీధికి వెళ్ళండి. అదంతా కాగితం వ్యాపారమే. పొద్దున్నే వెళ్ళి పది, పదకొండుకల్లా బయటపడండి.

తెచ్చిన కాగితాలను ఒక రాత్రంతా మీరు పని చేయబోయే గదిలోనే ఉంచండి. కాగితం గాలిలో తేమను పీల్చుకుని కొంచెం సాగుతుంది, తేమ పోతే ముడుచుకుంటుంది. షాపునుంచి తెచ్చిన వెంటనే కోసి అతికిస్తే ఆ సాగడం, ముడుచుకోవడం అతికించాక మొదలవుతుంది. వంకరలు వచ్చేది అందుకే.

ఏ వేళకు ఏ పని?

ఈ మండుటెండల రోజులను తెలుగు పంచాంగంలో కర్తరి, తమిళంలో కత్తిరి అంటారు, ఇంకో పేరు అగ్ని నక్షత్రం. మే 4 ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా ఉంటుంది. కర్తరి అంటే కత్తెరే, కాబట్టి కత్తెర పట్టడానికి ముహూర్తం కుదిరినట్టే అనుకోండి.

మడతలు, కోతలు పొద్దున 6 నుంచి 8 లోపు చేసేయండి. అప్పుడు గాలిలో తేమ ఎక్కువే, కానీ చేతికి చెమట పట్టదు. జిగురు, రంగు పనులుంటే 10 నుంచి 12 మధ్య పెట్టుకోండి. సముద్రపు గాలి ఊరిలోకి రాకముందు గాలి కాస్త పొడిగా ఉంటుంది. మధ్యాహ్నం ఆ గాలి మొదలయ్యాక మన ప్రాణానికి హాయి, జిగురుకు మాత్రం కాదు. ఏసీ గది ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఏసీ చల్లదనంతో పాటు తేమను కూడా లాగేస్తుంది.

ఫ్యాన్ సంగతి వేరే చెప్పాలి. వేస్తే కాగితం ముక్కలన్నీ మంచం కిందికి పోతాయి, ఆపితే నుదుటి చెమట కార్డు మీద పడుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, టేబుల్ ఫ్యాన్ వీపు వైపు పెట్టుకోండి. మీ ఒళ్ళే అడ్డం కాబట్టి ముక్కలు కదలవు.

చేసే విధానం

1. ఏ4 షీటును అడ్డంగా సగానికి కోయండి. 148 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవు ఉన్న రెండు ముక్కలు వస్తాయి. ఒక్కొక్కటీ ఒక కార్డు. కోసే ముందు షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకో వైపు మొండికేస్తుంది. తేలిగ్గా వంగే వైపే మడత రావాలి. ఎదురు మడత పెడితే అంచు పగిలి లోపలి పీచు కనిపిస్తుంది. మీ షీటు ఎదురుగా వచ్చిందనుకోండి, పారేయకండి. తర్వాతి అడుగులో మడత గీతను రెండుసార్లు గీస్తే సరిపోతుంది.

2. 210 మి.మీ. పొడవులో సరిగ్గా సగం, అంటే 105 దగ్గర, స్కేలు పెట్టి రీఫిల్ లేని బాల్‌పెన్నుతో గట్టిగా గీయండి. కాగితం తెగకూడదు, గాడి మాత్రం పడాలి. గాడి వెంబడి మడిచి, మడత మీద చెంచా వెనుక వైపుతో రుద్దండి. గోరుతో రుద్దితే చెమట మరక పడుతుంది, తెల్ల కార్డు మీద అది పోదు.

3. లోపల రాయాల్సింది ఇప్పుడే రాసేయండి. బొమ్మంతా అతికించాక చివర్లో రాసి, ఒక ఒత్తు తప్పు పడితే కార్డంతా పాడైనట్టే. మామూలు బాల్‌పెన్ను వాడండి. ఈ ఎండల్లో జెల్ ఇంకు ఆరేలోపే చేతికి అంటుకుంటుంది. అరచేతి కింద ఒక చిత్తు కాగితం పెట్టుకోవడం మర్చిపోకండి. ఏం రాయాలో నన్ను అడగొద్దు. నేను మాత్రం ఏటా "ఇక్కడి ఎండ కాస్త పంపిస్తున్నా, అక్కడి చలి కాస్త పంపించు" అని రాస్తాను. మా పిల్ల దాన్ని ఎగతాళి చేస్తుంది, అయినా దాచిపెట్టుకుంటుంది.

4. నీలం కాగితాన్ని 95 × 138 మి.మీ.కి కోయండి. కార్డు ముఖం 105 × 148 కాబట్టి చుట్టూ 5 మి.మీ. తెల్ల అంచు మిగులుతుంది. ఇప్పుడే కార్డుకు అతికించకండి, బొమ్మంతా దీని మీద పూర్తి చేశాకే అతికించాలి.

5. కొండలు. ఇక్కడ కత్తెర పక్కన పెట్టండి. బూడిదరంగు కాగితాన్ని చేత్తో, మెల్లగా, కొండ ఆకారం వచ్చేలా చించండి. రంగు పైపైనే ఉన్న కాగితం కాబట్టి చిరిగిన చోట తెల్లని పీచు అంచు బయటపడుతుంది. అదే మీ మంచు, ఏ రంగూ పూయక్కర్లేదు. చించిన రెండు ముక్కల్లో ఒకదానికే ఆ అంచు బాగా వస్తుంది. అది పైముక్కకు వచ్చిందా, కిందిదానికా అన్నది మీరు ఏ చేత్తో ఎటు లాగారన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు చిత్తు ముక్క మీద రెండు రకాలుగానూ చించి చూసుకోండి. గబగబా చించితే అంచు సన్నగా వస్తుంది, మెల్లగా చించితే వెడల్పుగా వస్తుంది. చేయి చెమటగా ఉంటే పీచు ఉండలు కడుతుంది. ముందు తుడుచుకోండి.

రెండు మూడు కొండలు చాలు. దూరపు కొండ లేత రంగులో పైన, దగ్గరది ముదురు రంగులో కింద. అంచులకు గ్లూ స్టిక్ పల్చగా రాసి నీలం కాగితం మీద పెట్టండి. అడుగంతా జిగురు పులమొద్దు.

6. చందమామ. 10 రూపాయల బిళ్ళ వెడల్పు 27 మి.మీ. తెల్ల కాగితం మీద పెట్టి చుట్టూ గీసి కోయండి, నీలం కాగితం పైమూలలో అతికించండి. ఇందులో ఇంకేం లేదు.

7. మంచు పువ్వు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మంచు పలుకుకు ఆరు కొమ్మలుంటాయి. నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఆరు మూలల గూడులా సర్దుకుంటాయి, అందుకే ఆరు. మనం చిన్నప్పటినుంచి కాగితాన్ని సగం, మళ్ళీ సగం, మళ్ళీ సగం మడిచి కత్తిరించడం అలవాటు. అలా చేస్తే నాలుగు లేదా ఎనిమిది రేకుల పువ్వు వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అది పద్మం, మంచు కాదు.

ట్రేసింగ్ పేపర్‌ను 7 సెం.మీ. చదరంగా కోయండి. మూలకు మూల కలిపి త్రికోణంగా మడవండి. మడత గీత కిందికి వచ్చేలా పెట్టి, ఆ గీత సరిగ్గా మధ్యలో పెన్సిల్‌తో చుక్క పెట్టండి. కోణమానిని ఆ చుక్క మీద ఉంచి 60 దగ్గర, 120 దగ్గర గుర్తులు పెట్టండి. ఇప్పుడు కుడి మూలను 120 గుర్తు మీదికి, ఎడమ మూలను దాని పైనుంచి 60 గుర్తు మీదికి తెచ్చి మడవండి. కిళ్ళీ పొట్లంలా కనిపిస్తుంది. పక్క అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయా చూడండి. ఒకవైపు ఒక మిల్లీమీటరు బయటికి ఉన్నా విప్పి మళ్ళీ మడవాలి. కూర్చుంటే దాన్ని ఇంకోసారి నిలువునా సగానికి మడవండి. 12 పొరలవుతాయి. పైన తోకల్లా మిగిలినదాన్ని కోసేయండి.

ఇక రెండు అంచుల నుంచీ చిన్న చిన్న త్రికోణాలు, గాట్లు కోయండి. ఒక అంచునుంచి రెండో అంచుదాకా ఎక్కడా తెగనీయకండి, తెగితే పువ్వు రెండు ముక్కలవుతుంది. మామూలు జెరాక్స్ కాగితంతో చేస్తే 12 పొరలకు కత్తెర కదలదు, వేలు నొప్పి పుడుతుంది. అందుకే ట్రేసింగ్ పేపర్. విప్పాక ఆరు కొమ్మలు లెక్కపెట్టండి. మడత గీతలు పోవాలంటే ఒక బరువైన పుస్తకం కింద గంటసేపు ఉంచండి. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు.

కత్తెర పని చేతకాదంటే ఇంకో దారి ఉంది, నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం. సందు చుక్కల ముగ్గు వేయండి. 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు. అంటే వరసలు 4, 5, 6, 7, 6, 5, 4. అచ్చంగా ఆరు మూలల ఆకారం, మంచు పలుకు ఏ లెక్కలో పుడుతుందో అదే లెక్క. నీలం కాగితం మీద తెల్ల జెల్ పెన్నుతో చుక్కకూ చుక్కకూ 10 మి.మీ., వరసకూ వరసకూ 9 మి.మీ.కు కొంచెం తక్కువ ఉంచండి. మధ్య చుక్కనుంచి ఆరు మూలలకూ గీతలు లాగి, వాటికి చిన్న కొమ్మలు కట్టండి. ధనుర్మాసం ముగ్గులు వచ్చిన చేతికి ఇది పది నిమిషాల పని. సరి చుక్క మాత్రం వద్దు, నాలుగు వైపులే వస్తాయి.

8. రాలే మంచు. జెల్ పెన్నుతో చుక్కలు పెడితే చాలు. పెన్ను రాయడం ఆగిపోతే ఇంకు తప్పు కాదు, కాగితానికి మీ చేతి జిడ్డు అంటింది. వేరేచోట గీసి మళ్ళీ ప్రయత్నించండి. ఇంకొంచెం సహజంగా కావాలంటే పోస్టర్ కలర్‌ను మజ్జిగంత చిక్కగా కలిపి, టూత్‌బ్రష్ కొనకు అద్ది, బొటనవేలితో వెనక్కి లాగండి. ముందు పేపరు మీద రెండుసార్లు విదిలించాకే కార్డు మీదికి రండి, మొదటి విదిలింపులో ఎప్పుడూ పెద్ద బొట్టు పడుతుంది.

9. అంతా ఆరాక, పువ్వును మధ్యలో మాత్రమే ఒక చుక్క జిగురుతో అతికించండి. కొమ్మలు కొంచెం లేచి ఉంటేనే అందం. నీలం కాగితం వెనుక నాలుగు అంచులకూ డబుల్ సైడ్ టేప్ వేసి, ముందు ఒక వైపు పొర మాత్రమే తీసి కార్డు మీద సరిచూసుకుని, తర్వాత మిగతా మూడు తీయండి. ఒకేసారి నాలుగూ తీస్తే వంకరగా పడుతుంది, మళ్ళీ లేపలేరు.

నీటి రంగుల మీదే మనసుంటే

కొందరికి నీలం కాగితం తృప్తినివ్వదు, ఆకాశం వాళ్ళే వేయాలి. సరే. మందపాటి డ్రాయింగ్ షీటును నాలుగు వైపులా పలకకు టేపు వేసి, నీలం పూయండి. తడి ఇంకా మెరుస్తుండగానే కల్లుప్పు పలుకులు అక్కడక్కడా వేయండి. ఉప్పు చుట్టూ ఉన్న నీటిని, దాంతో పాటు రంగును లాక్కుంటుంది. ఆరాక తెల్లని నక్షత్రాల్లా మచ్చలు మిగులుతాయి.

చెన్నైలో ఇది కుదరకపోవడానికి కారణం జాడీలోని ఉప్పు అప్పటికే చెమ్మగా ఉండటం. పొడి మూకుడులో రెండు నిమిషాలు వేయించి, చల్లారాక వాడండి. పూర్తిగా ఆరాక ప్రతి పలుకునూ మెత్తని బ్రష్‌తో దులిపేయండి. ఒక్క పలుకు మిగిలినా, గాలిలో తేమ 75 శాతం దాటిన రోజున అది మళ్ళీ నీరు పట్టి రంగును కరిగిస్తుంది.

మంచు అంటే పైన్ చెట్టు, ముక్కుకు క్యారెట్టు పెట్టిన మంచుమనిషే కానక్కర్లేదు. మన లంబసింగి మంచు వేసుకోండి. కొండకూ కొండకూ మధ్య ఒక ట్రేసింగ్ పేపర్ పొర పెడితే వెనక కొండ పొగమంచులో ఉన్నట్టే కనిపిస్తుంది. ట్రేసింగ్ పేపర్‌కు తడి అసలు తగలకూడదు, ముడతలు పడుతుంది. పైఅంచున టేపు ముక్క చాలు. చెన్నై బొమ్మే కావాలంటే ఐస్ హౌస్ ఉండనే ఉంది. మెరీనా ఎదుట ఇప్పుడు వివేకానంద ఇల్లం అని పిలిచే భవనం, 1842లో ఐసు నిలవ చేయడానికి కట్టింది. అమెరికాలో చలికాలం చెరువుల్లో కోసిన మంచుగడ్డలు రంపపు పొట్టులో చుట్టుకుని ఓడల్లో ఇక్కడికి వచ్చేవి. ఆ గుండ్రటి ముందుభాగం మీద కాస్త మంచు పేర్చి చూడండి, చెన్నైలో ఉన్న ఎవరైనా నవ్వుతారు.

ఇవి చేయకండి

ఎండ ఉంది కదా అని కార్డును డాబా మీద వడియాల్లా ఆరబెట్టకండి. పైవైపు ఒక్కసారిగా ఎండి, అడుగు తడిగా ఉండిపోతుంది. పది నిమిషాల్లో దోసె అంచులా లేస్తుంది. నీడలో, రెండు వైపులా గాలి తగిలేలా పెట్టండి.

చేతి చెమటకు చెమటకాయల పౌడర్ రాసుకుని పనిలోకి దిగకండి. చేయి పొడిగానే ఉంటుంది, జిగురు మాత్రం పౌడర్‌ను పట్టుకుని కాగితాన్ని వదిలేస్తుంది.

బియ్యప్పిండి, రవ్వ సంగతి చెప్పాను కదా. పైగా విదేశాలకు పంపే కవరులోంచి తెల్ల పొడి రాలితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకైతే ఎండుపూలు, గడ్డి, విత్తనాలు కూడా అతికించొద్దు. బయటి మొక్కల పదార్థాల విషయంలో వాళ్ళు చాలా కఠినంగా ఉంటారు.

కుదిరిందో లేదో చూసుకోవడం

ఆరిందా అని వేలితో తాకి చూడకండి, వేలిముద్ర పడుతుంది. చేతి వెనుకభాగం ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, గది వేడిగానే తగిలితే ఆరినట్టు. ఈ ఊరి మే నెలలో తేడా ఇట్టే తెలుస్తుంది.

తర్వాత రెండు పుస్తకాల మధ్య రాత్రంతా ఉంచి, పొద్దున తీసి బల్ల మీద పెట్టి గంట ఆగండి. పుస్తకంలోంచి తీసిన వెంటనే ఏ కార్డయినా బల్లపరుపుగానే ఉంటుంది, గంట తర్వాతే అసలు రంగు బయటపడుతుంది. మూల లేస్తే అక్కడ జిగురు ఎక్కువైంది. ఆ కాగితం లేపి టేపుతో మళ్ళీ అతికించవచ్చు. కార్డు మొత్తం ఒకే వైపు వంగితే ఎదురువైపు, అంటే ముఖం లోపలివైపున, అదే కొలత కాగితం ఒకటి అతికించండి. రెండు వైపులా లాగుడు సమానమై నిలబడుతుంది. అక్కడ ముందే రాసేసి ఉంటే ఆ కాగితం మీద మళ్ళీ రాయాలి, తప్పదు.

చివరగా నల్ల బట్ట మీద తలకిందులుగా పట్టుకుని నాలుగుసార్లు తట్టండి. రాలేదేదో ఇక్కడే రాలనివ్వండి.

పంపడం, దాచడం

ఈ కార్డుకు 114 × 162 మి.మీ. కవరు సరిపోతుంది. కొన్న కవర్ల జిగురు అంచులు ఈ తేమకు వాటంతట అవే అతుక్కుపోతాయి, కాబట్టి మూత కింద బటర్ పేపర్ ముక్క పెట్టి దాచండి. ఎండలో కాలిపోతున్న వీధి డబ్బాలో వేసేకన్నా పోస్టాఫీసు కౌంటరులో ఇవ్వండి, తూకం కూడా అక్కడే తేలిపోతుంది. ఆండర్సన్ వీధికి కాగితాల కోసం మళ్ళీ వెళ్ళే పని ఉంటే రాజాజీ సాలైలోని జీపీఓ, అంటే పెద్ద పోస్టాఫీసు, దగ్గరే.

డిసెంబరు కోసం ఇప్పుడే చేసి పెట్టుకునేవాళ్ళు జిప్ కవరులో వేసి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం ఒకటి పడేయండి. డాబా కింది అటక మీద పెట్టకండి, ఆ వేడికి టేపు జిగురు కారుతుంది. బీరువాలో చీరల మధ్య పెట్టండి. అక్టోబరులో వానలు మొదలయ్యాక ఒకసారి తీసి చూసుకోండి. మూలలు లేచి ఉంటే టేపు వేయడానికి ఇంకా రెండు నెలలుంటుంది.